నెట్ నెమ్మదిగా ఉన్నచోట వీడియో పాఠం: వెబ్‌సైట్ ఎలా ఉండాలి?

ప్రీపెయిడ్ ఫోన్ వాడేవాళ్లకు బాగా తెలిసిన అనుభవమే ఇది. రోజుకు 1 జీబీ, 1.5 జీబీ అని ఇచ్చిన డేటా సాయంత్రానికల్లా అయిపోతుంది. అయితే నెట్ పూర్తిగా ఆగిపోదు. చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. వాట్సాప్‌లో అక్షరాలు వెళ్తుంటాయి, ఫొటో మాత్రం సగంలో నిలబడిపోతుంది. ఆ సమయంలో ఇంటర్ చదివే అమ్మాయి ఒక ఫిజిక్స్ పాఠం తెరిచిందనుకుందాం. పాఠం ఉన్న వెబ్ పేజీ 3 మెగాబైట్లు ఉంటే, వీడియో సంగతి దేవుడెరుగు, పేజీ పూర్తిగా రావడానికే ఆరు నిమిషాల పైన పడుతుంది. అంతసేపు ఎవరూ ఆగరు. ఆమె ఫోన్ పక్కన పెట్టేస్తుంది. ఆమె వచ్చి వెళ్లిన సంగతి చాలా సైట్ల లెక్కల్లోకి కూడా రాదు.

నెమ్మది నెట్ అనగానే మనకు కొండెక్కితే గానీ సిగ్నల్ దొరకని ఏజెన్సీ గ్రామాలు గుర్తొస్తాయి. 2020లో బడులు మూతపడ్డప్పుడు దేశమంతటా అలాంటి ఫొటోలు చాలా చూశాం. ఆ ఊళ్ల కష్టం నిజమే గానీ, నెమ్మది నెట్ అక్కడికే పరిమితం కాదు. డేటా అయిపోయిన ఫోన్ హైదరాబాద్ నడిబొడ్డున ఉన్నా నెమ్మదే. రాత్రి ఎనిమిదింటికి ఒకే టవర్ మీద వందల ఫోన్లు పడే హాస్టల్లోనూ నెమ్మదే. జమ్ము కశ్మీర్‌లోనైతే అది సర్కారు విధించిన నెమ్మది. 2019 ఆగస్టులో ఆపేసిన మొబైల్ ఇంటర్నెట్‌ను 2020 జనవరిలో 2జీ వేగంతో తిరిగి ఇచ్చారు. అక్కడ చాలా జిల్లాలకు 4జీ మళ్లీ వచ్చింది 2021 ఫిబ్రవరి 5న. అంటే కరోనా తొలి ఏడాది ఆన్‌లైన్ చదువును వాళ్లు చాలామేరకు 2జీ మీదే నెట్టుకొచ్చారు.

కాగితం మీద మన బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం మెరుగవుతూనే ఉంది. 2004లో 256 కేబీపీఎస్ ఉంటే చాలన్నారు. ఆ తర్వాత 512 అన్నారు. 2023 జనవరిలో దాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. నిర్వచనం మారినంత మాత్రాన చేతిలో ఉన్న ఫోన్ మారదు కదా. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడతలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్లు పల్లెల్లో 14.9 శాతం, పట్టణాల్లో 42 శాతం. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్లు వేగంగా పెరిగాయి. గ్రామీణ విద్యపై ఏటా వచ్చే అసర్ నివేదిక ప్రకారం, బడికి వెళ్లే పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం కాగా 2020 నాటికి 61.8 శాతమయ్యాయి. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, పిల్లల చేతిలో ఉండటం వేరు. పొద్దున్నే నాన్న జేబులో ఎక్కి పనికి వెళ్లే ఫోన్ మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు చేరుతుంది. పాఠాల సైట్ కట్టేవాళ్లు ముందుగా లెక్కలోకి తీసుకోవాల్సింది ఆ ఫోన్‌నే.

సగటు చెప్పే అబద్ధం

ఈ విషయంలో వెబ్ ఇంజినీర్లు తరచూ చెప్పుకునే ఉదంతం ఒకటుంది. యూట్యూబ్‌లో ఇంజినీరుగా పనిచేసిన క్రిస్ జకరయాస్ 2012 డిసెంబరులో దాన్ని రాశారు. అంతకు మూడేళ్ల ముందు యూట్యూబ్ వీడియో పేజీ బరువు 1.2 మెగాబైట్లకు చేరింది. దాన్ని వంద కిలోబైట్ల లోపు తేవాలని ఆయన పట్టుబట్టి, అక్కర్లేనిదల్లా తీసేసి 98 కిలోబైట్లకు తెచ్చారు. పేజీ తెరవడానికి సర్వర్‌ను అడగాల్సిన ఫైళ్లు కూడా 14కు తగ్గాయి. దానికి 'ఫెదర్' అని పేరు పెట్టి కొద్దిమందికి ఇచ్చారు. వారం తర్వాత లెక్కలు చూస్తే, పేజీ తెరుచుకునే సగటు సమయం తగ్గకపోగా పెరిగింది!

ఇక చేసేదేం లేదని వదిలేయబోతున్నంతలో ఎవరు ఎక్కడి నుంచి చూస్తున్నారో పటం మీద పరిచి చూశారు. ఆగ్నేయాసియా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా, చివరికి సైబీరియా మారుమూలల నుంచి కూడా కొత్తగా జనం వచ్చారు. వాళ్లకు ఈ తేలిక పేజీ తెరుచుకోవడానికే రెండు నిమిషాలు పడుతోంది. అంటే పాత పేజీకి ఇరవై నిమిషాలు పట్టేదన్నమాట. అందుకే అంతకుముందు వాళ్లు రానేలేదు. ఇప్పుడు వచ్చి, రెండు నిమిషాలు ఓపిక పట్టి, వీడియో చూస్తున్నారు. సగటు పెరగడానికి కారణం పేజీ పాడవడం కాదు, నెమ్మది నెట్ మనుషులు లెక్కలోకి రావడం.

మన విద్యా పోర్టళ్లు, కోచింగ్ సైట్లు 'మా పేజీ సగటున మూడు సెకన్లలో తెరుచుకుంటుంది' అని చెప్పినప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఇదే. లోపలికి రాగలిగినవాళ్లనే ఆ సగటు లెక్కిస్తుంది.

వీడియో కంటే ముందు పేజీ

వీడియో సైట్ అనగానే అందరి దృష్టీ వీడియో సైజు మీదకే పోతుంది. నిజానికి చాలామంది విద్యార్థులు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. పైన కదిలే బ్యానర్, మంత్రిగారి ఫొటో, మూడు రకాల ఫాంట్లు, సందర్శకులను లెక్కబెట్టే నాలుగైదు స్క్రిప్టులు, మూలన చాట్ బొమ్మ... ఇవన్నీ దిగాక గానీ 'ప్లే' గుర్తు కనబడదు.

ఇందులో వేగం ఒక్కటే సమస్య కాదు. పాత నెట్‌వర్క్‌లో ఒక్కో అభ్యర్థన సర్వర్‌కు వెళ్లి జవాబు తేవడానికి అర సెకను దాకా పట్టొచ్చు. ఫైలు చిన్నదైనా ఆ ప్రయాణం తప్పదు. అరవై చిన్న ఫైళ్లున్న పేజీ కంటే, అదే బరువుతో పది ఫైళ్లున్న పేజీ ముందు తెరుచుకుంటుంది. పైగా పల్లె సిగ్నల్ నిలకడగా ఉండదు, మధ్యలో తెగిపోతుంటుంది. తెగి మళ్లీ కలిసినప్పుడు మొదటి నుంచి మొదలయ్యే పేజీ అయితే దానికి అంతం ఉండదు.

అందుకని పాఠం పేరు, అది దేని గురించో రెండు వాక్యాలు, ఎన్ని నిమిషాలు, ఎన్ని ఎంబీ అనేవి ఉత్త అక్షరాలుగా మొదటి కొన్ని కిలోబైట్లలోనే రావాలి. మిగతావి తర్వాత వస్తే రానీ, రాకపోతే పోనీ. తెలుగు సైట్లు ఇక్కడ ఒక తప్పు తరచూ చేస్తాయి. అందంగా ఉంటుందని సొంత తెలుగు ఫాంటును పేజీతో పాటు పంపిస్తాయి. ఇంగ్లిష్ ఫాంటులా కాదు మనది. గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలన్నీ కలిపి ఒక్క ఫాంటే వందల కిలోబైట్లు ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. దాన్నే వాడుకుంటే ఆ భారమంతా పోతుంది. ఇక తెలుగు అక్షరాల సంగతి. ఒక్కో అక్షర సంకేతానికి ఇంగ్లిష్‌కు ఒక బైటు పడితే మనకు మూడు పడతాయి. దీనికి భయపడనక్కర్లేదు. సర్వర్‌లో కుదింపు పెడితే వెయ్యి పదాల పాఠం కూడా ఒక చిన్న ఫొటో కంటే తేలిగ్గా వెళ్తుంది.

ఇంకొకటి, సైట్లో యూట్యూబ్ వీడియోలు అతికించే పద్ధతి. ఒక పేజీలో పది పాఠాలు అతికిస్తే, విద్యార్థి దేన్నీ నొక్కకముందే ఆ ప్లేయర్ల సరంజామా దిగడం మొదలవుతుంది. దాని బదులు ఒక చిన్న బొమ్మ పెట్టి, నొక్కినప్పుడు మాత్రమే ప్లేయర్‌ను పిలిస్తే చాలు. సగం రోజు పని, అంతే. అయినా చేసేవాళ్లు తక్కువ.

ముందు మాట, తర్వాత బొమ్మ

ఇప్పుడు వీడియో లెక్క చూద్దాం. పది నిమిషాల పాఠం 720పీ నాణ్యతలో సుమారు 1.5 ఎంబీపీఎస్‌తో తయారైతే 110 మెగాబైట్లు దాటుతుంది. 360పీలో 500 కేబీపీఎస్ అనుకుంటే 37 మెగాబైట్లు. అదే పాఠంలో మాస్టారి గొంతును మాత్రమే 'ఓపస్' అనే ధ్వని పద్ధతిలో 24 కేబీపీఎస్‌తో దాస్తే 1.8 మెగాబైట్లే అవుతుంది. మాట స్పష్టంగా వినిపిస్తుంది. పాటకు చాలదు గానీ పాఠానికి చాలు. దానికి ఒక్కోటి 30 కిలోబైట్ల చొప్పున పన్నెండు స్లైడ్ల బొమ్మలు కలిపితే మొత్తం 2.2 మెగాబైట్లు. డేటా అయిపోయి 64 కేబీపీఎస్ మీద ఉన్న ఫోన్‌లోకి ఇది నాలుగున్నర నిమిషాల్లో దిగుతుంది. పాఠం పది నిమిషాలు కాబట్టి, వింటుండగానే మిగతాది వచ్చేస్తుంది, మధ్యలో చక్రం తిరగదు.

పాఠాల వీడియోలో సమాచారమంతా సమానంగా పరుచుకుని ఉండదు. బరువులో అతి చిన్న భాగమైన మాటలోనే చదువు చాలామేరకు ఉంది. ఆ తర్వాత స్థానం బోర్డు మీది బొమ్మలది. మాస్టారి చేతుల కదలిక, వెనక గోడ, మూలన తిరిగే సంస్థ లోగో డేటాను ఎక్కువ తినేవి, చదువుకు తక్కువ పనికొచ్చేవి. సైట్ వీటిని విడదీసి, మాటను ముందు పంపాలి. సిగ్నల్ బలహీనపడితే బొమ్మ ఆగాలి గానీ మాట ఆగకూడదు. నేడు వాడుకలో ఉన్న హెచ్‌ఎల్‌ఎస్, డ్యాష్ పద్ధతుల్లో వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, నెట్ వేగాన్ని బట్టి ఏ నాణ్యత ముక్క పంపాలో ప్లేయర్ నిర్ణయిస్తుంది. ఆ నిచ్చెనలో ధ్వని మాత్రమే ఉండే అట్టడుగు మెట్టు కూడా పెట్టొచ్చు. చాలా సైట్లు 360పీ దగ్గరే నిచ్చెన ఆపేస్తాయి. కింది మెట్టు లేనివాడు నేల మీదే ఉండిపోతాడు.

అన్ని పాఠాలకూ ఇది సరిపోతుందని కాదు. కప్ప శరీర భాగాలు, వెల్డింగ్ టార్చ్ పట్టుకునే తీరు, సంజ్ఞా భాషలో పాఠం అంటే దృశ్యం ఉండాల్సిందే. ఒకటో తరగతి పిల్లలకు టీచర్ ముఖం కనబడటమూ ముఖ్యమే. కానీ ఇంటర్ గణితానికి, పోటీ పరీక్షల చరిత్రకు అరగంటసేపు మాస్టారి ముఖం చూపించాల్సిన పనేమీ లేదు. మొదట అర నిమిషం చూపించి పరిచయం చేస్తే చాలు.

ఒత్తులు మాయమైతే

ఇంగ్లిష్ సైట్లు రాసిపెట్టిన సలహాల్లో కనబడని సమస్య ఒకటి మనకుంది. 240పీ వీడియో అంటే నిలువున 240 చుక్కలు. స్లైడ్ మీద పన్నెండు వరుసలు రాస్తే ఒక్కో వరుసకు వరుసల మధ్య ఖాళీతో కలిపి ఇరవై చుక్కలు. ఆ ఇరవైలోనే పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు ఇమడాలి. 'రాష్ట్రం', 'లక్ష్మి', 'స్త్రీ' లాంటి మాటల్లో అసలు అక్షరానికి ఎనిమిదో తొమ్మిదో చుక్కలు మిగులుతాయి. వీడియోను కుదించే పద్ధతులు మొట్టమొదట వదిలేసేది సన్నని గీతలనే. 'ద'కు 'ధ'కు, 'బ'కు 'భ'కు మధ్య తేడా అంతా ఆ చిన్న గీతలోనే ఉంది మరి. అంతే సైజులో ఇంగ్లిష్ చదవగలిగిన చోట తెలుగు అలికేసినట్టు కనిపిస్తుంది.

దీనికి మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు, స్లైడ్ తయారు చేసేవాళ్ల చేతిలో ఉంది. స్లైడ్‌కు ఆరు వరుసలు దాటకుండా, మందపాటి అక్షరాలతో రాస్తే ఒక్కో వరుసకు నలభై చుక్కలు దొరుకుతాయి. రంగుల విషయంలోనూ జాగ్రత్త కావాలి. సాధారణ వీడియో పద్ధతులన్నీ వెలుగునీడలను పూర్తి వివరంతో దాస్తాయి గానీ, రంగులను నిలువుకూ అడ్డానికీ సగం వివరంతోనే దాస్తాయి. నీలం మీద ఎర్ర అక్షరాలు స్టూడియోలో మెరిసిపోతాయి, ఫోన్‌లో అంచులు చెదిరిపోతాయి. తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలు ఎక్కడైనా నిలుస్తాయి. స్లైడ్లను వీడియోలో కలపకుండా విడిగా బొమ్మలుగా పంపితే ఈ బాధే ఉండదు, వేలితో పెద్దవి చేసుకునీ చదవొచ్చు.

సబ్‌టైటిళ్లను, పాఠం రాతప్రతిని కూడా వీడియోలో ముద్రించకుండా అక్షరాలుగానే ఇవ్వాలి. వీడియో రానివాళ్లకు అదే పాఠమవుతుంది, వచ్చినవాళ్లకు నోట్సవుతుంది.

మన దగ్గరే ఉన్న మంచి నమూనా

ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య ఆధ్వర్యంలో మొదలైన 'స్పోకెన్ ట్యుటోరియల్' గురించి తెలుగులో ఎక్కువగా రాయలేదు. ఉచిత సాఫ్ట్‌వేర్లు నేర్పే పాఠాలవి. ఒక్కోటి సుమారు పది నిమిషాలు. కంప్యూటర్ తెర మీద జరిగేదాన్ని రికార్డు చేసి, దాని మీద మాట పెడతారు. తెర మీద ఎక్కువభాగం కదలదు కాబట్టి ఇలాంటి వీడియో బాగా కుదించుకుపోతుంది. దృశ్యం ఒక్కటే, మాటను మాత్రం తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లోకి మారుస్తారు. కావలసిన పాఠాలు, కావలసిన భాషలు ఎంచుకుంటే అన్నీ ఒక మూటగా కట్టి ఇచ్చే ఏర్పాటు సైట్లోనే ఉంది. దాన్ని కాలేజీ ల్యాబ్‌లో కాపీ చేసుకుంటే ఆ తర్వాత నెట్ అవసరం లేదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి కాపీ చేయడం తప్పూ కాదు.

ఒక దృశ్యానికి అనేక గొంతులు అనే ఆలోచన ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఇస్రో, నాసా కలిసి నడిపిన 'సైట్' ప్రయోగంలో ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు వెళ్లాయి. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ప్రసారంలో ఒక దృశ్యానికి రెండు ధ్వని మార్గాలుండేవి. ఇప్పటి ప్లేయర్లలో ధ్వనిని విడి ఫైలుగా పెట్టి చేసేదీ అదే పని. తెలుగు మాధ్యమం, ఇంగ్లిష్ మాధ్యమం అని రెండు పూర్తి వీడియోలు పెట్టే సైట్లు సర్వర్ ఖర్చు రెండింతలు చేసుకుంటున్నాయి, అంతే.

కోడెక్, బఫర్, పాత ఫోన్

కోడెక్ అంటే వీడియోను కుదించే పద్ధతి. కొత్తదైన ఏవీ1 అదే నాణ్యతను పాత హెచ్.264 కంటే చాలా తక్కువ డేటాలో ఇస్తుంది. అయితే దాన్ని విప్పే చిప్ చవక ఫోన్లలో, పాత ఫోన్లలో ఉండదు. అప్పుడు ఆ పనంతా ఫోన్ ప్రాసెసర్ మీద పడి వీడియో తడబడుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది. కాబట్టి హెచ్.264 తప్పనిసరిగా ఉంచి, సత్తా ఉన్న ఫోన్లకే కొత్తది పంపాలి. స్లైడ్ల పాఠానికి సెకనుకు ముప్పై ఫ్రేములు దండగ, ఎనిమిదో పదో చాలు.

ఒకప్పుడు యూట్యూబ్‌లో వీడియో ఆపి ఉంచితే బూడిదరంగు గీత నిండుగా పాకేది. టీ తాగి వచ్చేసరికి వీడియో మొత్తం సిద్ధంగా ఉండేది. నెమ్మది నెట్‌వాళ్లు కనిపెట్టుకున్న ఉపాయం అది. 2013 ప్రాంతంలో ముక్కల పద్ధతి వచ్చాక, ఆపి ఉంచినా ప్లేయర్ కొంత దూరం మాత్రమే ముందు తెచ్చుకుని ఆగిపోతుంది. సగంలో చూడటం మానేసేవాళ్ల కోసం డేటా వృథా కాకుండా కంపెనీ చేసుకున్న పొదుపు అది. మధ్యలో ఆ ఉపాయం పోయింది. విద్యా సైట్ దాన్ని తిరిగి ఇవ్వొచ్చు, 'మొత్తం తెచ్చిపెట్టు' అనే ఒక్క బటన్‌తో.

నాణ్యతను ప్లేయరే ఎంచుకోవడం మంచిదే గానీ, నెట్ కాస్త పుంజుకోగానే అది 720పీకి ఎగబాకి రోజంతటి డేటాను త్వరగా ఖర్చు చేసేస్తుంది. విద్యార్థి ఒకసారి 'తక్కువ డేటా' అని ఎంచుకుంటే సైట్ దాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఫోన్‌లో డేటా సేవర్ ఆన్‌లో ఉందని బ్రౌజర్ చెప్పే వీలుంది. ఆ మాట వినే సైట్లు తక్కువ.

చూడటం కాదు, దాచుకోవడం

ఇంతదాకా చెప్పినవన్నీ చేసినా, నెట్ అసలే లేని గంటలు ఉంటాయి. అక్కడ పనికొచ్చేది డౌన్‌లోడ్. బస్టాండ్ వైఫై దగ్గరో, సిగ్నల్ ఉన్న కొండ దగ్గరో, రాత్రి రెండింటికో తెచ్చుకుని తర్వాత చూడటం. సైట్ దీన్ని మూలన దాచకూడదు. ప్లే బటన్ పక్కనే, అంతే సైజులో, 'వీడియో 12 ఎంబీ, ధ్వని 1.8 ఎంబీ, నోట్సు 300 కేబీ' అని ఉండాలి. తెగిపోతే ఆగినచోటి నుంచే మొదలవ్వాలి. ఫైలు పేరు 'వీడియో1' అని కాకుండా తరగతి, పాఠం తెలిసేలా ఉండాలి. ఫోన్ నుంచి ఫోన్‌కు మారే ఫైలుకు ఆ పేరే చిరునామా.

కేంద్రం 2017 సెప్టెంబరు 5న మొదలుపెట్టిన దీక్ష వేదికలో ఈ ఆలోచన కొంత ఉంది. మన రెండు రాష్ట్రాలతో సహా చాలాచోట్ల పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు ముద్రించారు. పిల్లవాడు ఏదీ టైపు చేయనక్కర్లేకుండా ఆ పాఠానికే చేరతాడు. తెచ్చుకున్న పాఠాన్ని నెట్ లేకుండా చూడొచ్చు, పక్క ఫోన్‌కు ఇవ్వొచ్చు. చేరినచోట ఉన్న వీడియో ఎంత బరువుందన్నది మాత్రం దాన్ని తయారు చేసినవాళ్లను బట్టి ఉంటుంది. 2003లో ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ కూడా వీడియోతో పాటు రాతప్రతులు, డౌన్‌లోడ్లు ఇస్తుంది. వాణిజ్య సంస్థల తీరు వేరు. 2014 డిసెంబరులో యూట్యూబ్ మన దేశంలో ఆఫ్‌లైన్ సదుపాయం తెచ్చినప్పుడు, దాచుకున్న వీడియో 48 గంటలే ఉండేది. పరీక్షకు నెల ముందు దాచుకునే పాఠానికి గడువు పెట్టడమేమిటి?

దాచుకోవడానికి ఒక ఫోన్ బదులు బడినే స్థలంగా చేసుకోవడం ఇంకో మార్గం. ఖాన్ అకాడమీ పాఠాలు నెట్ లేకుండా చూసేందుకు 2012లో కేఏ లైట్ వచ్చింది. దాన్ని తయారు చేసినవాళ్లే తర్వాత కోలిబ్రి తెచ్చారు. ఒక పాత ల్యాప్‌టాప్‌నో అరచేతి సైజు కంప్యూటర్‌నో సర్వర్‌గా పెడితే, బడి ఆవరణలోని వైఫై మీద పిల్లలంతా పాఠాలు చూడొచ్చు. నేపాల్‌లో 2007 నుంచి పనిచేస్తున్న ఓఎల్‌ఈ నేపాల్ సంస్థ ఈ-పుస్తకాలయ అనే డిజిటల్ గ్రంథాలయాన్ని ఇలాగే బడి సర్వర్లలో పెట్టి కొండ ఊళ్లకు చేర్చింది. అక్కడ నెట్ ఉందా లేదా అన్న ప్రశ్న పక్కకు పోయి, కరెంటు ఉందా, సర్వర్‌ను ఏడాదికోసారి ఎవరు కొత్త పాఠాలతో నింపుతారు అన్నవి ముందుకొస్తాయి. చాలా ప్రాజెక్టులు ఆగిపోయేది ఈ రెండో దాని దగ్గరే.

టీవీని మరిచిపోకూడదు. శ్రీహరికోట నుంచి 2004 సెప్టెంబరులో వెళ్లిన ఎడ్యుశాట్ అప్పట్లో నడిచిందీ, 2017లో 32 చానళ్లతో మొదలైన స్వయం ప్రభ, తెలంగాణ టీ-శాట్ నడుస్తున్నదీ ఒకే సౌలభ్యం మీద. ఎంతమంది చూసినా ప్రసారం భారం పెరగదు. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో మొదలైన డిజిటల్ తరగతులు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌ల మీదే నడిచాయి. టీవీలో పాఠం వెనక్కి తిప్పలేం. స్వయం ప్రభ ఒకే పాఠాన్ని రోజులో పలుమార్లు వేయడానికి కారణం అదే. టీవీలో పాఠం, సైట్లో దాని రెండు ఎంబీల ధ్వని, స్లైడ్లు, ప్రశ్నలు ఉంటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. ఇప్పుడు టీవీలో వేసిన వీడియోనే యథాతథంగా సైట్లో పెడుతున్నారు. ఆరు వందల ఎంబీల ఫైలు పెడితే ఆ లోటు అలాగే ఉంటుంది.

మార్కులు, హాజరు

చివరగా, దీన్ని చిన్న విషయంగా తీసిపారేయకూడదు. చాలా కోర్సుల్లో వీడియో ఎంతసేపు చూశారన్నదాన్ని సైట్ లెక్కిస్తుంది. దాన్నిబట్టి హాజరు, కొన్నిచోట్ల సర్టిఫికెట్ అర్హత. డౌన్‌లోడ్ చేసుకుని చూసినది లెక్కలోకి రాకపోతే, నెమ్మది నెట్ ఉన్న విద్యార్థి పాఠం విని కూడా విననట్టే అవుతాడు. గడువులోపు పంపాల్సిన క్విజ్ 'సబ్మిట్' దగ్గర చక్రం తిరుగుతూ గడువు దాటిపోతే సున్నా పడుతుంది. జవాబులు ముందు ఫోన్‌లోనే భద్రమై, నొక్కిన సమయం నమోదై, సిగ్నల్ వచ్చినప్పుడు సర్వర్‌కు చేరేలా చేయడం నేటి బ్రౌజర్లలో సాధ్యమే. ఫోన్ గడియారాన్ని నమ్మలేమనే అభ్యంతరం వస్తుంది. ఒక గంట వెసులుబాటు ఇవ్వడానికి దానితో పనిలేదు.

సైట్‌ను పరీక్షించేవాళ్లు ఆఫీసు ఫైబర్ మీద, ఖరీదైన ఫోన్‌లో చూస్తే ఇవేవీ కనబడవు. క్రోమ్ బ్రౌజర్‌లో డెవలపర్ల విభాగానికి వెళ్లి వేగాన్ని 64 కేబీపీఎస్‌కు, ఆలస్యాన్ని అర సెకనుకు పెట్టుకుని చూడొచ్చు. అంతకంటే మంచిది, 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్ ఒకటి కొని, ఆ రోజు డేటా అయిపోయిన సిమ్ వేసి, ఒక పాఠం మొదటి నుంచి చివరిదాకా చూసి, క్విజ్ రాసి పంపడం. లెక్కలు తీసేటప్పుడు తెరుచుకున్న పేజీలతో పాటు, సర్వర్‌ను మొదటి ఫైలు అడిగి, ఆ తర్వాత ప్లే దాకా రాని వాళ్లెంతమందో జిల్లాలవారీగా, గంటలవారీగా వేరే వరుసలో రాయాలి. సర్వర్ లాగ్‌లో ఆ సమాచారం ఇప్పటికే ఉంటుంది.